పాలెంలో మిగిలిన చంకకర్ర

మద్రాసు నుంచి కావలికి రైలులో ఒక పగటి ప్రయాణం. కావలి నుంచి సముద్రపు ఒడ్డుకు జట్కాలోనూ, పడవలోనూ, కాలినడకనా ఒక పూట. ఇంత కొద్ది దూరానికి యాత్ర అన్న పేరు పెద్దదే అవుతుంది. అయినా ఆ నాలుగు రోజుల్లో నన్ను పట్టుకున్న భయం ఇంతకుముందు చేసిన దూరప్రయాణాల్లో ఎక్కడా ఎదురు కాలేదు. ఆ వైపు పోని పాఠకుల కోసం, తిరిగి వచ్చాక, నోటుపుస్తకం ముందు పెట్టుకొని రాస్తున్నాను. నేను పోయిన జాలరి పాలెం పేరు చెప్పను. మనుషుల పేర్లు మార్చాను. కారణం చదువుతూ పోతే తెలుస్తుంది.

ఒక కార్డు

నేను భౌతికశాస్త్రం చదివి, కొంతకాలం పాఠాలు చెప్పి, కాళ్ళు పోయినవారికీ చచ్చుబడినవారికీ నడక సాధనాలు తయారుచేసే ఒక చిన్న పనిశాలలో చేరినవాణ్ణి. మా చంకకర్ర నమూనా గీసింది నేనే. మంచి టేకు, అడుగున టైరు రబ్బరు బిళ్ళ, చేతిపిడికి మూడు పూతల వార్నిషు. పనిశాల సిమెంటు నేల మీద ఎందరినో నడిపించి, కోణాలు కొలిచి, బరువు లెక్కకట్టి దాన్ని ఖాయం చేశాను. ఎవరైనా బాగుందన్నా, బాగాలేదన్నా వెంటనే నమ్మే అలవాటు నాకు లేదు, చూపించమంటాను.

నయాపైసలు వచ్చి నాలుగేళ్ళు గడిచిన ఆ ఏడు, ఎండలు ముదరక ముందు, నెల్లూరు తీరం నుంచి ఒక పోస్టుకార్డు వచ్చింది. రాసినవాడు ఒక పాలెం బడిపంతులు. "తాము పంపిన రెండు చంకకర్రలలో ఒకటి పట్టుకొని ఒక కాలు లేని పోలయ్య అనే వ్యక్తి ఉప్పుటేటిలో మునిగి మరణించినాడు. కర్ర వల్లనే మరణించినాడని ఇక్కడి పెద్దల అభిప్రాయము. రెండవ కర్రను వచ్చి తీసుకొనిపోవలెను."

కర్ర మనిషిని చంపదు. మొదట అలాగే అనుకున్నాను. మునిగినవాడికి మూర్ఛ ఉండవచ్చు, తాగి ఉండవచ్చు, ఏటిలో గుంట ఉండవచ్చు. రైలులో కూర్చుని ఆ కారణాలన్నీ వరసగా రాసుకున్నాను. ఎన్నిసార్లు రాసినా చివర ఒక గీత ఖాళీగా మిగిలేది. అక్కడ ఏమి రాయాలో తెలిసి కూడా రాయలేదు. నా పెట్టెలో, ఇసుకలో దిగబడకుండా కర్ర అడుగున బిగించడానికి చేసిన పళ్ళెమంత కొయ్యబిళ్ళ ఒకటి ఉంది. లెక్క ప్రకారం అది బురదలో కూడా పనిచేయాలి. దాన్ని తడుముకుంటూ ధైర్యం తెచ్చుకున్నాను.

గూడూరు

దారిలో గూడూరులో దిగాను. అక్కడ అభ్రకం రేకులు చీల్చే పెంచలయ్య అనే కార్మికుడికి మా కర్ర ఇచ్చి ఏడాదయింది. నిమ్మకాయల మండీ పక్కనుంచి పోవాలి. వీధంతా పుల్లటి వాసన. గంపలు, గోతాలు, కేకలు. అయిదు నయాపైసలకు గ్లాసెడు నిమ్మనీళ్ళు తాగాను. మద్రాసులో అంత పులుపు ఆ ధరకు పిండరు.

పెంచలయ్య పాక ముందు కూర్చుని ఉన్నాడు. చుట్టూ నేలంతా అభ్రకం తునకలు మెరుస్తున్నాయి.

"కర్ర ఎలా ఉంది పెంచలయ్యా?"

"బెమ్మాండంగా ఉండాది సార్. దినామూ దాంతోనే గదా నడిచేది."

కర్ర తెప్పించి తిరగేశాను. ఏడాది నడిచిన కర్రకు రబ్బరు అరగాలి. బిళ్ళ మీద మేము కోసిన కత్తిగాటు కూడా చెరగలేదు. అదే మాట అన్నాను. లోపలి నుంచి అతని భార్య పకపకా నవ్వింది.

"పండక్కి దీస్తాడు సార్. గుడ్డతో తుడిచి మళ్ళీ మూలబెడతాడు. మీరొస్తారని తెలిసి నిన్న గూడా తుడిచినాడు."

"నువ్వు నోరు మూసుకోమే!" అన్నాడు పెంచలయ్య. తర్వాత తల గోక్కుంటూ, "పొద్దస్తమానం నేల మీద గూచోని జేసే పని సార్ మాది. ఈ కర్ర నిలబడినోడికి బాగానే ఉంటాది. కూచున్నోడు దీన్ని పట్టుకొని లేసేదెట్ట?" అన్నాడు.

అతను లేచేది ఒక మూరెడు మొద్దు ఊతంగా. దాన్ని తానే చెక్కుకున్నాడు. పట్టుకునే చోట గాడి, అడుగున గోనెగుడ్డ. ఒక్క ఊపులో లేచి చూపించాడు.

"మరి కొలతలు తీసినప్పుడు చెప్పలేదేం?"

"నన్ను నిలబెట్టి కొలిచినారు సార్. కూచోమని ఎవురూ అనలా."

నా నోటుపుస్తకంలో ఆ మాట అలాగే ఉంది. మళ్ళీ రైలెక్కేసరికి నా భయానికి కొత్త ఆధారం దొరికింది. బాగుందన్న మాట అబద్ధమైనప్పుడు, చంపిందన్న మాట నిజమయ్యేందుకు అడ్డమేముంది?

కావలి నుంచి కాలువ దాకా

కావలిలో రాత్రి బస. హోటలులో మొలగొలుకుల అన్నం, చేపల పులుసు. మా కృష్ణా తీరాన పులుసుకు చింతపండు చాలు. ఇక్కడ మామిడికాయ ముక్క లేని పులుసును పులుసుగా లెక్కపెట్టరు. నాలుగు ముద్దలు తిని చెయ్యి ఆపాను. "ఏం సార్, ముల్లు గుచ్చుకునిందా?" అని అడిగాడు వడ్డించేవాడు. లేదన్నాను.

మర్నాడు ఉదయం జట్కాలో బోగోలు మీదుగా సముద్రం వైపు బయలుదేరాను. బండి తోలే మస్తానయ్య వేరుసెనగ కాయలు ఒలుచుకుంటూ, పనిశాల నుంచి తెచ్చి నా పక్కన పెట్టిన నమూనా కర్రను పదేపదే చూశాడు.

"ఆ పాలేనికేనా సార్, ఈ కర్రతో? మిమ్మల్ని కాలువ కాడే దించేస్తా. ముందుకి రాను."

"ఏం?"

"సచ్చిపోయినోడి కర్ర ఆడ నడస్తా ఉండాది సార్. మనిషి లేడు. కర్ర ఒకటే. ఇసకలో గుంట, గుంట, గుంట. పట్టపగలు. నా బామ్మర్ది జూసినాడు."

"మీ బామ్మర్ది కర్రను చూశాడా, గుంటలను చూశాడా?"

"గుంటలే సార్. కర్రని జూస్తే బతికొస్తాడా?"

ఇలాంటి కథలు ఎన్నో విన్నాను; విన్న ప్రతిసారీ నవ్వాను. ఆ ఉదయం నవ్వు రాలేదు. కాలువ దగ్గర సరుగుడు కట్టెల పడవలు వరసగా కదులుతున్నాయి. మస్తానయ్య నన్ను దించి, బండి తిప్పుకొని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. పడవలో కాలువ దాటి, సరుగుడు తోపుల మధ్య ఇసుకలో నడిచాను. గాలికి ఆ చెట్లు చేసే రొద వెనక ఎవరో వస్తున్నట్టు ఉంటుంది. రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను.

పాలెం

కార్డు రాసిన రాఘవయ్య మాస్టారు ఎదురొచ్చారు. ముప్పై ఏళ్ళుంటాయి, సన్నని మనిషి. పడవల దగ్గరికి రాగానే నా చెప్పులు విప్పించారు. "తోలుచెప్పులు పడవ దగ్గరికి రాకూడదండీ ఇక్కడ." ఇసుక మీద పడవమోకు ఒకటి పొడుగ్గా పడి ఉంది. తట్ట నెత్తిన పెట్టుకున్న ఒక స్త్రీ ఆ మోకును దాటకుండా పడవ చుట్టూ తిరిగి పోవడం చూశాను. ఆడవాళ్ళు పడవను గాని, తెరచాప లాగే చాపతాళ్ళను గాని తాకరనీ, దాటరనీ మాస్టారు చెప్పారు. మా ఊరి రేవులో ఆడవాళ్ళు పడవెక్కి పుట్టిళ్ళకు పోతారు. ఇక్కడి పడవ వేట కోసం. దాని నియమాలు వేరు.

పాలేనికి పెద్ద అయిన మనిషిని కాపు అంటారు. అరవై దాటిన కాపు, వల ముందు కూర్చుని, నన్ను ఎగాదిగా చూశాడు.

"నువ్వేనా సార్ కర్ర జేసినోడివి?"

"నేనే."

"కుర్రోడివే." లేచి నడిచాడు. అతని వెంట ఏటి గట్టుకు పోయాం.

పాలేనికి దక్షిణాన ఉప్పుటేరు సముద్రంలో కలుస్తుంది. అవతలి గట్టున ఉప్పుమడులు, ఎండుచేపలు కొనే బండ్లు. వంతెన లేదు. నీరు తీసినప్పుడు మొలలోతు దాటదు. ఆడవాళ్ళు గుంపుగా తట్టలతో నడిచి పోతారు. పోటు మొదలైతే మనిషి మీదికి వస్తుంది. ఆ గట్టు మీద, ఎవరూ ముట్టకుండా, నా కర్ర పాతి ఉంది. ముట్టరాదన్న గుర్తుగా చివరన ఎర్రగుడ్డ కట్టారు.

"చెయ్యి దీనికే ఉన్నింది సార్. కోస్తే గాని రాలా," అన్నాడు కాపు.

పిడి చుట్టూ కొబ్బరిపీచు తాడు నాలుగు చుట్లు. ముడి నానిపోయి రాయిలా బిగిసింది. కత్తితో కోసిన కొసలు వేలాడుతున్నాయి. పిడిని ముట్టుకున్నాను. ఉప్పుగాలి తేమకు వార్నిషు తడిచేప ఒంటిలా జారింది. పొడిచేతులతో, పొడినేల మీద పరీక్షించిన పిడి. తడిసిన చేతిలో నిలవలేదు కాబట్టే కట్టుకున్నాడు; కట్టుకున్నాడు కాబట్టే, కర్ర బురదలో దిగబడినప్పుడు దాన్ని వదిలి రాలేకపోయాడు.

రైలులో ఖాళీగా వదిలిన గీత మీద 'నా కర్ర' అని ఆ గట్టు మీద రాశాను.

"రెండో కర్ర ఎవరి దగ్గర ఉంది?" అని అడిగాను.

"బుజ్జమ్మ కాడ. ముట్టుకోవద్దని కట్టడి జేసినాం. అటక మీద ఉండాది," అన్నాడు కాపు.

మధ్యాహ్నపు గుంటలు

మూడోనాటి మధ్యాహ్నం. వేట నుంచి వచ్చిన మగవాళ్ళు నిద్రలో ఉన్నారు. ఆడవాళ్ళు పొద్దున పోయి వచ్చేశారు. తీరమంతా నిర్మానుష్యం. కొలతబద్ద తీసుకొని ఒంటరిగా ఏటి వైపు పోతున్నాను. తోపు దాటగానే ఇసుకలో ఒక గుంట కనిపించింది. గుండ్రంగా, లోతుగా. రెండడుగుల అవతల మరొకటి. ఆపైన మరొకటి.

మస్తానయ్య బామ్మర్ది చూసింది ఇదే. వంగి చూశాను. గుంట అడుగున మా రబ్బరు బిళ్ళ గాట్లు స్పష్టంగా పడ్డాయి. గుంటకు కుడివైపున, గాలికి సగం పూడిన ఒక మనిషి పాదం, ఒకే పాదం. దయ్యం సంగతి అక్కడితో తీరింది. భయం మాత్రం రెట్టింపయింది, ఎందుకంటే గుంటల వరస ఏటిలోకి పోతోంది.

పరుగెత్తాను. ఏటి నడుమ మొలలోతు నీటిలో ఒక స్త్రీ ఇటు వస్తోంది. ఎడమచంక కింద కర్ర. నెత్తిన ఖాళీ తట్ట, దాన్ని కుడిచేత్తో పట్టుకుంది. ఎడమకాలు నీటిలో తేలుతోంది. ఆమె ముంజేయి పిడికి తాడుతో కట్టి ఉంది. అదే నాలుగు చుట్ల కట్టు. పోటు నురుగు ఏటిలోకి పాకడం మొదలైంది. ఆమె ప్రతి అడుగుకూ కర్రను పెరుక్కుంటోంది. పెరికేటప్పుడల్లా ఒక పక్కకు ఒరుగుతోంది. నాకు ఈత రాదు. ఆమె గట్టెక్కేదాకా చేసిన పని ఒక్కటే, నీటి అంచున నిలబడడం.

బుజ్జమ్మకు పాతికేళ్ళుంటాయి. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. నన్ను చూసి బెదరలేదు. కట్టును పళ్ళతో కొరుకుతూ విప్పుకోసాగింది.

"కాపుకి జెప్తావా సార్?"

"అది విప్పడానికి ఎంతసేపు పడుతుంది?"

"తడిసినాక శానాసేపు పడతాది. ఏం?"

పోలయ్య చెయ్యి గురించి చెప్పాను. ఆమె విప్పడం ఆపి కట్టు వైపు చూసింది. కట్టును చూపుతూ అంది: "కట్టకపోతే జారిపోతాది సార్. ఒక చెయ్యి తట్టకి, ఒక చెయ్యి కర్రకి. ఇంకో చెయ్యి నువ్వేమన్నా జేసిస్తావా?"

ఆ కర్రను మద్రాసుకు తీసుకుపోతానని, ఇక ఏటిలో దిగవద్దని అన్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంది.

"తీసకపో. మా వొదిన కూచోబెట్టి తిండి బెడతాది. నాలుగు దినాలు బెడతాది. అయిదో దినం ఏం జెయ్యాల?" తట్ట ఇసుక మీద బోర్లించి దాని మీద కూర్చుంది. "ఈ కర్ర రానప్పుడు నేను పాక్కుంటా పోయేదాన్ని సార్, ఈ ఇసకలో. పోలయ్యన్న సచ్చినాడని నన్ను మళ్ళీ పాకమంటారా?"

కట్టు విప్పితే కర్ర జారుతుంది. కడితే మనిషి మునుగుతుంది. ఆ సాయంకాలం ఆమెనూ మాస్టారినీ వెంటబెట్టుకొని కాపు దగ్గరికి పోయాను. కట్టడి మీరినందుకు ఆమెను ఏమంటాడో అన్న దిగులు కంటే, రేపు ఆమె మళ్ళీ దిగుతుందన్న దిగులే నాకు ఎక్కువైంది.

ముడి

కాపు కోపంతో లేచాడు. "బుద్ధుండాదా నీకు? వాడు పోయింది జూళ్ళేదా?"

"జూసినా పెదనాయనా. అందుకే మధ్యాన్నం పోతా ఉండా, నీకు కనపడకుండా."

మాస్టారు నవ్వు ఆపుకోలేక ముఖం తిప్పుకున్నారు. నేను గట్టు నుంచి పెరికి తెచ్చిన పోలయ్య కర్రనూ, బుజ్జమ్మ చేత మళ్ళీ కట్టు వేయించిన ఆమె కర్రనూ పక్కపక్కన పెట్టి రెండు కట్లూ చూపించాను. కాపు వంగి చూశాడు. రెండు ముడులనూ వేలితో తడిమాడు. అతని ముఖంలో కోపం పోయి మరేదో వచ్చింది.

"ఇది తట్టముడి," అన్నాడు మెల్లగా. "ఆడోళ్ళు తట్టకి కట్టేది. బరువు పడేకొద్దీ బిగస్తాది. వాడికి ఒక చేత్తో కట్టుకోను రాదు. పెళ్ళాం కట్టింటాది."

"మగవాళ్ళది వేరే ముడా?"

"చాపముడి. గాలి మీదపడితే చాపతాడు ఒక్క లాగుతో వదలాల. లేకుంటే పడవ తిరగబడతాది. ఇరవై ఏండ్లు ఆ ముడితోనే బతికినాడు సార్ వాడు. వాడి పెళ్ళానికి అదెట్ట తెలస్తాది? చాపతాడు ముట్టనియ్యం గదా మేము."

తర్వాత కాపు నా వైపు చూశాడు. "వాడి పెళ్ళాం పుట్టింట్లో ఉండాది. ఈ ముడి సంగతి ఆ పిల్ల చెవిన బడకూడదు సార్." సరేనన్నాను. పేర్లూ, ఊరూ మార్చడానికి కారణం అదే.

"అయితే బుజ్జమ్మకు చాపముడి నేర్పండి," అన్నాను.

కాపు తల అడ్డంగా తిప్పాడు. ఆడదానికి చాపముడి నేర్పడం వాళ్ళ తాతల కాలంలో లేదు. చాలాసేపు వల కొస నలుపుతూ కూర్చున్నాడు. చివరికి, "నీకు కడతా సార్. నువ్వు మొగోడివి. ఎవురన్నా జూస్తే నేనేం జేసేది?" అన్నాడు.

నా ముంజేతిని కర్రకు చేర్చి, తాడును ఒకసారి తిప్పి, మడత దూర్చి, తోకను వేలాడదీశాడు. ఎంత గుంజినా బిగిసే ఉంది. తోక లాగితే ఒక్క క్షణంలో జారిపోయింది. మళ్ళీ కట్టాడు. చాలా నెమ్మదిగా కట్టాడు. అయిదుసార్లు కట్టాడు, నాకు రెండోసారికే వచ్చినా. బుజ్జమ్మ నాలుగడుగుల దూరంలో గోడకు ఆనుకొని, ఎటో చూస్తున్నట్టు కూర్చుని, కొంగు అంచుతో తన వేలి చుట్టూ అదే ముడి వేసి విప్పుతోంది.

"తోక ఎవురు లాగాల? చెయ్యి ఖాళీ లేదే," అంది ఉన్నట్టుండి.

"పళ్ళుండాయి గదా, ఊరందరినీ కొరికేదానికి," అన్నాడు కాపు, ఆమె వైపు చూడకుండా.

రేపు నీరు తీసిన వేళ తన కళ్ళ ముందు ఆమె దాటితే కట్టడి ఎత్తేస్తానని, లేకుంటే కర్ర నాతో మద్రాసు పోవాలని కాపు తేల్చి చెప్పాడు. ముందు నేను దాటి చూపించాలని బుజ్జమ్మ అంది. న్యాయమే అనిపించింది. ఆ రాత్రి మాస్టారి అరుగు మీద పడుకొని సముద్రపు చప్పుడు వింటూ కళ్ళు మూయలేదు.

ఏటిలో

నాలుగోనాడు, నీరు తీసిన మధ్యాహ్నం. నా నమూనా కర్రకు మద్రాసు నుంచి తెచ్చిన కొయ్యబిళ్ళ బిగించాను. ఎడమకాలు వెనక్కి మడిచి తుండుతో కట్టించుకున్నాను. నెత్తిన ఇసుక పోసిన తట్ట, కుడిచెయ్యి దానికి. ఎడమచెయ్యి పిడికి చాపముడితో కట్టి ఉంది. తాడు తోక నా పళ్ళ మధ్య. కాపు గెడకర్ర పట్టుకొని నీటి అంచున నిలబడ్డాడు.

మొదటి పది అడుగులు లెక్క ప్రకారమే నడిచాయి. బిళ్ళ బురదలో దిగబడలేదు. గర్వపడే అవకాశం అంతవరకే. నీరు మొలకు వచ్చేచోట కర్రను ఎత్తబోతే రాలేదు. వెడల్పు బిళ్ళ తక్కువ దిగుతుందని లెక్కకట్టాను. ఎత్తేటప్పుడు దాని మీది బురద అంతా పట్టి లాగుతుందని తెలిసి కూడా మరిచాను. ఇంకొంచెం బలంగా గుంజాను. ఒంటికాలు జారింది. తట్ట పోయింది. చెయ్యి కర్రతో ఉండిపోయింది. మిగిలిన ఒళ్ళంతా దాని చుట్టూ తిరిగి నీటిలో పడింది.

అరిచాను. అరవడానికి నోరు తెరిచాను కాబట్టి తోక జారిపోయింది. ఉప్పునీరు గొంతులోకి పోయింది. పోలయ్య చూసింది ఇదేనని, ఇంతే వెలుతురు, ఇదే పచ్చటి నీరు అని ఆ క్షణంలో తెలిసింది. చదివిన చదువులో ఒక్క ముక్క గుర్తు రాలేదు.

"అరవబాకు సార్! తర్వాత అరుద్దువు! ముందు తోక లాగు!" గట్టు మీద నుంచి బుజ్జమ్మ గొంతు.

కుడిచెయ్యి నీటిలో గాలించింది. తాడు తగిలింది. లాగాను. ముడి జారి చెయ్యి నా దగ్గరికి వచ్చింది. కాపు గెడ అందించి గట్టుకు లాగాడు. ఇసుక మీద బోర్లాపడి చాలాసేపు దగ్గాను.

"దాటినావు పో," అంది బుజ్జమ్మ. తర్వాత నా పక్కన చతికిలబడి పని మొదలుపెట్టింది. వల నుంచి ఒక తేలికకొయ్య బెండు విప్పి తాడు తోకకు కట్టింది, నోటి నుంచి జారినా నీటి మీద తేలేటట్టు. కాపు నీటిలో దిగి తెచ్చిన నా కొయ్యబిళ్ళను తీసుకొని, చేపలు కోసే కత్తితో నరికి, కొంగ పాదంలా మూడు వేళ్ళు మాత్రం మిగిల్చింది. తన కర్ర రబ్బరు పీకి దాన్ని మేకులతో దిగ్గొట్టమంది. పిడి మీది వార్నిషు గీకేసి పాతవల పీలికలు చుట్టింది. నేను అందించేవాణ్ణి, పట్టుకునేవాణ్ణి. అడిగినప్పుడు లెక్క చెప్పాను, ఎక్కువగా అడగలేదు.

అంతా అయ్యేసరికి ఏటి నీరు కదలడం ఆగింది. కాపు సముద్రం వైపు చూశాడు. "పోటు తిరగతా ఉండాది. రేపు పో."

"బండి ఈ పూటే గదా పొయ్యేది. ఎండిన సరుకు రేపటికి ఎవురు కొంటారు?" అంది ఆమె. ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టించుకుంది. ముడి తానే వేసుకుంది, ఒక చేత్తో, పళ్ళ సాయంతో. కాపు చూడనట్టే నిలబడ్డాడు. ఆలస్యం నా పరీక్ష వల్ల జరిగింది.

ఆమె దిగింది. కర్ర పడింది, లేచింది, పడింది, లేచింది. మొల దాకా నీరు. నడుము దాటింది. మూడువంతులు పోయాక కర్ర ఆగింది. ఆమె ఒకసారి గుంజింది. రెండోసారి గుంజి ఒక పక్కకు ఒరిగింది. సముద్రం వైపు నుంచి తెల్లటి నురుగుగీత ఏటికి అడ్డంగా వస్తోంది. కాపు చెయ్యి నా మణికట్టును పట్టుకుంది. ఎముక నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది.

ఆమె తల వెనక్కి విదిలించింది. అంత దూరం నుంచి కూడా తెల్లటి బెండు ఎగరడం కనబడింది. మనిషి కర్ర నుంచి విడిపడింది. నీటిలో మునిగింది, తట్ట తేలింది. తల పైకి వచ్చింది. తట్ట అంచు పట్టుకొని, రెండు చేతులతో, ఒక కాలితో బురదను తన్నుతూ, అవతలి గట్టు మీదికి పాకింది. కాసేపు అలా పడుకొనే ఉంది. తర్వాత లేచి కూర్చుని, తడిసిన చేపలను ఒక్కొక్కటే తీసి ఎండలో పరవసాగింది.

పోటు వచ్చేసింది. ఏటి నడుమ కర్ర ఒంటరిగా నిలబడి ఉంది. నీరు దాని పిడిని దాటుతోంది. దాన్ని తేవాలని నేను రెండడుగులు వేశాను. అవతలి గట్టు నుంచి బుజ్జమ్మ చెయ్యి ఊపి కేకవేసింది.

"ఆడ్నే ఉండనీ సారూ! నీళ్ళు తీసినాక నేనే తెచ్చుకుంటా!"

కాపు నా మణికట్టు వదిలి ఇసుకలో కూర్చున్నాడు. గట్టు మీద తిరిగి పాతిన పోలయ్య కర్ర నుంచి ఎర్రగుడ్డ విప్పి, మడిచి, మొలలో దోపుకున్నాడు. నీరు మళ్ళీ తీసేదాకా మేమిద్దరం అక్కడి నుంచి లేవలేదు.